మట్టి శాంపిళ్ళు పట్టుకుని ఇండోర్ సింక్రోట్రాన్‌కి: తిరుపతి నుంచి ఎవరైనా పోయొచ్చినారా?

చెనిక్కాయ_చేను
మాది పీలేరు పక్క పల్లె. తిరుపతిలో కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తున్నా, మూడో ఏడు. నా పని చెనిక్కాయ (వేరుశనగ) చేలల్లో ఇనుము మీద. సున్నం పాలు ఎక్కువుండే చేలల్లో లేతాకులు ముందు పసుపుపచ్చగా తిరిగి, ముదిరితే తెల్లగా పాలిపోతాయి. ఇనుము అందక వచ్చే జబ్బు అది. అదే చేని మట్టిలో మొత్తం ఇనుము కొలిస్తే మాత్రం బోలెడంత వస్తుంది. "అంత ఇనుము ఉంటే చెట్టు ఎందుకు తీసుకోలేదు పాపా?" అని మా నాయన అడిగినాడు. నా పీహెచ్‌డీ అంతా ఆ ప్రశ్నే.

ఎంత ఉందో కాదు, ఏ రూపంలో ఉందో చూడాలి. దానికి ఇండోర్‌లో ఇండస్-2 సింక్రోట్రాన్ ఉందని చదివినాను. మా గైడ్ సార్ మన ల్యాబ్‌లో ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రేతో స్ఫటికాల అమరిక చూసే మిషన్) చాలదా అంటారు. ప్రయాణం ఖర్చు ఫైలు ఆఫీసులో ఐదు నెలలుగా ఒకే టేబుల్ మీద ఉంది. ఇంట్లో అమ్మ రేడియేషన్ అని విన్నప్పట్నుంచి వద్దంటోంది. పోవడం నిజంగా అవసరమా, పోతే దారేంది, ఎవరైనా చెప్పండి.

కరకంబాడి_రోడ్డు
సింక్రోట్రాన్ అంటే ఏందో ముందు మాలాంటోళ్ళకి చెప్పమ్మా. మేము ఇంకా ఆ మాట పలకడం దగ్గరే ఉండాం.

ఏర్పేడు_హాస్టల్
అవసరమే. ఎక్స్‌ఆర్‌డీకి స్ఫటికం కట్టిన పదార్థమే కనపడుతుంది. మట్టిలో ఇనుము కొంత ఫెర్రిహైడ్రైట్‌లాగా సరిగ్గా స్ఫటికం కట్టని తుప్పు రూపంలో ఉంటుంది. గ్రాఫ్‌లో అది మెత్తటి దిబ్బలాగా వచ్చి పోతుంది, మీ సార్ దాన్ని బ్యాక్‌గ్రౌండ్ అనుకుంటారు. సింక్రోట్రాన్‌లో చేసే జేన్స్ కొలత (ఎక్స్‌రే శక్తి కొంచెం కొంచెం పెంచుకుంటా, పదార్థం ఎంత మింగుతుందో చూడటం) అట్లా కాదు. ఇనుము దగ్గర ఎక్స్‌రే మింగుడు 7,112 ఎలక్ట్రాన్ వోల్టుల కాడ ఒక్కసారిగా ఎగురుతుంది. ఆ ఎగురుడు ఫెర్రస్ ఇనుముకి (రెండు ఎలక్ట్రాన్లు పోయింది) ఒక చోట, ఫెర్రిక్ ఇనుముకి (మూడు పోయింది) కొన్ని ఎలక్ట్రాన్ వోల్టులు పైన. స్ఫటికం ఉన్నా లేకపోయినా ఇబ్బంది లేదు.

గాదంకి_గాలి
ఇనుముకైతే మోస్‌బౌర్ (గామా కిరణాలతో ఇనుము రూపం చూసే పద్ధతి) ఉంది కదా? అది కూడా ఫెర్రస్, ఫెర్రిక్ తేడా చక్కగా చెప్తుంది. ఇండోర్ దాకా ఎందుకు పరుగు? ప్రతిదానికీ పెద్ద మిషన్ అనేది ఒక మోజు అయిపోయింది.

ఏర్పేడు_హాస్టల్
@గాదంకి_గాలి మోస్‌బౌర్ మంచిదే, కాదనను. కానీ ఇనుము తక్కువుండే శాంపిల్‌కి ఒక్కో స్పెక్ట్రమ్ రోజుల తరబడి తీయాలి. అదీగాక మట్టి మొత్తం కలిపి ఒక సగటు చెప్తుంది. వేరు పక్కన అర మిల్లీమీటరులో ఇనుము ఎట్లుంది, రెండు మిల్లీమీటర్ల అవతల ఎట్లుంది అనేది చెప్పలేదు. చెట్టుకి కావాల్సింది వేరు పక్కది కదా. రేపు ఆమె జింకు చూడాలనుకుంటే? అప్పుడు మోస్‌బౌర్‌ని మరిచిపోవాల్సిందే.

గాదంకి_గాలి
వేరు పక్కన అన్న మాట ఒప్పుకుంటా. అయినా ముందు రెండు మూడు శాంపిళ్ళు మోస్‌బౌర్‌లో తీసి, ఆ ఫలితం ప్రపోజల్‌లో పెడితే బలంగా ఉంటుంది. ఉత్త చేతులతో అడగొద్దు అనేది నా మాట.

చెనిక్కాయ_చేను
@గాదంకి_గాలి ఇది నాకు తట్టలేదన్నా. రెండు శాంపిళ్ళు తీయిస్తాను.

పుత్తూరు_పెద్దాయన
యాక్సిలరేటర్ల దగ్గర వాక్యూమ్ పనిలో ఎక్కువ కాలం గడిపి రిటైరైనవాణ్ణి. కరకంబాడి ఆయన అడిగినదానికి ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి నేను చెప్తా.

రాత్రిపూట తిరుపతిలో మేడ మీద నిలబడి కొండ వైపు చూడండి. ఘాట్ రోడ్డులో బస్సు మలుపు తిరిగేటప్పుడు దాని హెడ్‌లైటు వెలుగు రోడ్డుతోపాటు తిరగదు, నేరుగా కొండ దాటి బయటికి వస్తుంది. సింక్రోట్రాన్‌లో బస్సు బదులు ఎలక్ట్రాన్. గాలి లేని గొట్టంలో వెలుగుతో దాదాపు సమానమైన వేగంతో పోతా ఉంటుంది. అయస్కాంతాలు దాన్ని పక్కకి తిప్పుతాయి. తిరిగిన ప్రతి చోటా వెలుగు నేరుగా బయటికి చిమ్ముతుంది. కంటికి కనపడేది, అతినీలలోహితం, ఎక్స్‌రే అన్నీ అందులో ఉంటాయి. ఆ వెలుగు బయటికొచ్చే దారిలో ఒక గది కట్టి పరికరాలు పెడతారు, దాన్నే బీమ్‌లైన్ అంటారు.

ఇండస్-2 చుట్టుకొలత 172 మీటర్ల పైచిలుకు. ఎలక్ట్రాన్ అందులో సెకనుకి 17 లక్షల సార్లకి పైగా చుట్టి వస్తుంది. మీరు నమ్మకపోతే వెలుగు వేగాన్ని చుట్టుకొలతతో భాగించి చూసుకోండి.

భాకరాపేట_ఘాట్
పెద్దాయనా, పోలిక బాగుంది కానీ చిన్న తేడా. బస్సు హెడ్‌లైటు నేరు రోడ్డులో కూడా వెలుగుతుంది. ఎలక్ట్రాన్ నేరుగా పోతే వెలుగు ఇయ్యదు, వంచితేనే ఇస్తుంది.

పుత్తూరు_పెద్దాయన
నిజమే నాయనా, వంపే దానికి ప్రాణం. అందుకే నేరుగా ఉండే చోట్ల కూడా ఉత్తరం, దక్షిణం మార్చి మార్చి అయస్కాంతాలు పేర్చి ఎలక్ట్రాన్‌ని పాములాగా మెలికలు తిప్పుతారు. వాటిని అండ్యులేటర్, విగ్లర్ అంటారు. ఒక్క మలుపులో వచ్చేదానికంటే ఎన్నో రెట్లు వెలుగు వస్తుంది.

ఒకప్పుడు ఈ వెలుగు ఇంజనీర్లకి నష్టం కింద లెక్క. కష్టపడి ఎలక్ట్రాన్‌కి శక్తి ఎక్కిస్తే అది వెలుగు రూపంలో కారిపోతా ఉండేది. దాన్ని మొదటిసారి కంటితో చూసింది 1947లో, అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ళ ల్యాబ్‌లో. ఆ మిషన్ గొట్టం గాజుది కావడంతో లోపల వెలుగు బయటికి కనపడింది.

కరకంబాడి_రోడ్డు
ఇప్పుడు అర్థమైంది. ఈ రాత్రి మేడెక్కి చూస్తా.

కాళహస్తి_కలం
చెనిక్కాయ చెల్లీ, నువ్వు ఇనుము రూపం అంటే నాకు మా కసిమి కుండ గుర్తొచ్చింది. మేము కలంకారీ వేస్తాం. నల్ల గీతకి తుప్పు పట్టిన ఇనప ముక్కలు, తాటిబెల్లం నీళ్ళలో వేసి కుండలో రెండు మూడు వారాలు పులియబెడతాం. ఆ నీళ్ళు నల్లగా ఉండవు తెలుసా? కరక్కాయ, పాలు పట్టించిన బట్ట మీద గీసినప్పుడు కూడా మొదట పలచగానే ఉంటుంది, చూస్తా ఉండగా నల్లబడుతుంది. మా జేజి "గాలి తగిలితే గీతకి బలమొస్తాది" అనేది. ఇది కూడా నీ ఇనుము లెక్కేనా?

చెనిక్కాయ_చేను
@కాళహస్తి_కలం అక్కా, అచ్చం అదే! బెల్లం పులిస్తే ఆమ్లాలు పుడతాయి, అవి ఇనుముని ఫెర్రస్ రూపంలో నీళ్ళలోకి దించుతాయి. బట్ట మీద కరక్కాయలోని టానిన్‌తో కలిసి, గాలిలో ఆక్సిజన్ తగిలి ఫెర్రిక్ అవుతుంది. అప్పుడే నలుపు. మీ జేజి చెప్పిన మాటలో కెమిస్ట్రీ అంతా ఉంది.

మా చేలో జరిగేది కూడా దగ్గర దగ్గర అదే. ఫెర్రిక్ అయిన ఇనుము సున్నపు మట్టిలో కరగదు, వేరు దాన్ని లాక్కోలేదు. అందుకే లీటరు నీళ్ళకి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకు మీద కొట్టమంటారు. అన్నభేది ఫెర్రస్ ఇనుము, నిమ్మ ఉప్పు దాన్ని తుప్పు కానియ్యకుండా పట్టుకుంటుంది.

పలమనేరు_రైతు
అన్నభేది మేమూ కొడతాం. వారం తిరక్కుండా పచ్చబడుతుంది, మళ్ళీ కొత్త ఆకు పసుపే వస్తుంది. మళ్ళీ కొట్టాల. పాపా, నీ ఇండోర్ మిషన్‌తో ఆ రెండోసారి కొట్టే పని తప్పుతుందా? నేను ఎగతాళికి అడగలా, నిజంగా అడుగుతా ఉండా.

చెనిక్కాయ_చేను
@పలమనేరు_రైతు నాయనా, మిషన్ వల్ల రేపే తప్పదు, అబద్ధం చెప్పను. పశువుల ఎరువు వేసిన చేలో పసుపు తక్కువని మా నాయన అంటాడు. ఎరువు వేసిన చేలో వేరు పక్కన ఇనుము వేరే రూపంలో ఉందా, ఉంటే ఎన్నాళ్ళు ఉంటుంది, ఎంత ఎరువుకి ఎంత మారుతుంది అనేది చూడగలిగితే, ఆకు మీద కొట్టే బదులు నేలలోనే ఏం చేయొచ్చో చెప్పగలను. ఇండోర్‌కి మోసుకుపోయేది ఆ రెండు చేల మట్టే.

పలమనేరు_రైతు
అట్లయితే మా చేని మట్టి కూడా పట్టుకో. రెండు చెక్కలు ఉండాయి, ఒకటి పచ్చ, ఒకటి పసుపు, మధ్యలో గెనిమ (గట్టు) ఒక్కటే అడ్డం.

కరకంబాడి_రోడ్డు
ఒక మాట అడుగుతా, ఎవరూ నొచ్చుకోవద్దు. టమాటా ధర లేక రోడ్డు మీద పారబోసుకునే జిల్లాలో ఇంత ఖర్చు మిషన్లు దేనికి? జనం పన్నులే కదా.

జీవకోన_కుర్రోడు
నొచ్చుకోవడానికేముంది, అడగాల్సిందే. నేను ప్రొటీన్ల మీద పని చేస్తా. ఒక ప్రొటీన్ ఆకారం తెలిస్తేనే దానికి అతుక్కునే మందు తయారు చేయగలం. ఆ ఆకారాల్లో ఎక్కువ భాగం సింక్రోట్రాన్ ఎక్స్‌రేలతోనే తెలిసినాయి. 2009లో వెంకీ రామకృష్ణన్, థామస్ స్టైట్జ్, అదా యోనథ్‌లకి నోబెల్ వచ్చిన రైబోజోమ్ (కణంలో ప్రొటీన్లు తయారుచేసే యంత్రం లాంటిది) పని కూడా ఈ వెలుగు లేకపోతే లేదు. మనం మింగే యాంటీబయాటిక్స్‌లో చాలా మందులు బ్యాక్టీరియా రైబోజోమ్‌కే అడ్డం పడతాయి. అవి ఎక్కడ అతుక్కుంటాయో కళ్ళకి కట్టినట్టు చూపించింది ఆ పనే. ఇండస్-2లో కూడా ప్రొటీన్ స్ఫటికాల కోసం ఒక బీమ్‌లైన్ ఉంది, 21వ నంబరు.

చంద్రగిరి_కోట
నా బాధ వేరు. ఐఐటీ, ఐసర్ రెండూ 2015లో తిరుపతికి వచ్చినాయి. 1954 నుంచి ఎస్వీ యూనివర్సిటీ ఉంది. గాదంకిలో రాడార్ ఉంది, పక్కనే శ్రీహరికోట. ఇన్ని ఉన్నప్పుడు మన దగ్గరే ఒక రింగు ఎందుకు కట్టకూడదు? గట్టి రాతి నేల కూడా మనది. పిల్లలు వెయ్యి కిలోమీటర్లకి పైగా పోవాలా? మనం అడగకపోతే ఎవరు అడుగుతారు?

ఏర్పేడు_హాస్టల్
@చంద్రగిరి_కోట అడగండి, కానీ ముందు ఉన్నదాన్ని వాడుకుందాం. మన చుట్టుపక్కల కాలేజీల్లో ఎంతమందికి ఇండస్ ఉందని తెలుసు? నాకే ఎంఎస్సీ అయ్యేదాకా తెలియదు. వాడేవాళ్ళు లేకుండా రింగు కడితే ఎవరి కోసం?

చంద్రగిరి_కోట
దగ్గర ఉంటే వాడేవాళ్ళు వాళ్ళే పుడతారు. గాదంకి రాడార్ రాకముందు ఇక్కడ వాతావరణ శాస్త్రం చదివేవాళ్ళు ఎంతమంది?

గాదంకి_గాలి
ఆ మాటలో మాత్రం చంద్రగిరి ఆయన పక్షం నేను. రాడార్ చుట్టూ పెరిగిన పిల్లల్ని కళ్ళారా చూసినా.

పుత్తూరు_పెద్దాయన
రెండు పక్షాల్లోనూ నిజం ఉంది. కానీ రింగు అంటే ఏమేం కావాలో చెప్తా, ఆశ పడేటప్పుడు లెక్క తెలిసి ఆశ పడాలి.

ఇండోర్‌లో ఇండస్ రింగులు కట్టిన సంస్థ పని 1984లో మొదలైంది. అప్పుడు క్యాట్ (సెంటర్ ఫర్ అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ) అనేవాళ్ళు, ఇప్పుడు రాజా రామన్న పేరు పెట్టినారు. చిన్న రింగు ఇండస్-1కి వెలుగు వచ్చింది 1999లో. పెద్దది ఇండస్-2 మొదలైంది 2005లో. అంటే ఇరవై ఏళ్ళు. మిషన్ కొనుక్కొచ్చి పెట్టింది కాదు. అయస్కాంతాలు, వాక్యూమ్ గొట్టాలు, పవర్ సప్లైలు మనవాళ్ళే చేసుకుంటా నేర్చుకున్నారు. ఎలక్ట్రాన్‌ని మైక్రోట్రాన్ అనే చిన్న యంత్రంలో 20 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తికి తెచ్చి, బూస్టర్ అనే ఇంకో రింగులో 550కి పెంచి, పెద్ద రింగులోకి పంపి అక్కడ 2,500కి లేపుతారు. గొట్టంలో గాలి అంతరిక్షంలోలాగా పలచబడాలి, లేకపోతే ఎలక్ట్రాన్లు గాలి అణువులకి తగిలి రాలిపోతాయి. కరెంటు ఒక్క రెప్పపాటు పోతే చాలు, తిరిగే ఎలక్ట్రాన్లన్నీ పోతాయి. మళ్ళీ మొదట్నుంచీ నింపాలి. అయస్కాంతాలు చల్లబరచడానికి శుద్ధి చేసిన నీళ్ళు నిలబడకుండా పారతా ఉండాలి. వేసవిలో మన నీళ్ళ సంగతి మీకు తెలుసు.

కొత్తతరం రింగులు ఇంకా పెద్దవి. స్వీడన్‌లో మ్యాక్స్-4 చుట్టుకొలత 528 మీటర్లు, బ్రెజిల్‌లో సిరియస్ 518, ఫ్రాన్స్ గ్రెనోబుల్‌లోది 844. మన దేశానికి అట్లాంటిది కావాలి, 6 గిగా ఎలక్ట్రాన్ వోల్టులది (అంటే 6,000 మిలియన్) కట్టాలన్న ఆలోచన కూడా ఉంది. అది ఏ ఊళ్ళో వచ్చినా దానిమీద పని చేయగల పిల్లలు మన ఊళ్ళో తయారై ఉండాలని నా కోరిక.

చంద్రగిరి_కోట
@పుత్తూరు_పెద్దాయన జోర్డాన్‌లో నీళ్ళు మనకంటే తక్కువే కదా సార్, అక్కడ వచ్చింది కదా?

పుత్తూరు_పెద్దాయన
జోర్డాన్ రింగు సెసామె సంగతి బాగా గుర్తు చేసినావు. బెర్లిన్‌లో పాతబడిన బెస్సీ-1 సింక్రోట్రాన్ విప్పి ఇచ్చేస్తే, దానిలో ఎలక్ట్రాన్‌కి మొదట శక్తి ఎక్కించే భాగాలు వాడుకుని, పెద్ద రింగు మాత్రం కొత్తగా 133 మీటర్లది కట్టుకున్నారు. 2017లో తెరిచినారు. ఇరాన్, ఇజ్రాయెల్, పాకిస్తాన్, పాలస్తీనా, టర్కీ, ఈజిప్టు ఒకే చోట సభ్యులు. ఒక్క దేశం మోయలేనిది కలిసి మోసినారు. కుదరదని నేనెప్పుడూ అనలేదు నాయనా, ఎంత బరువో చెప్పినా.

మంగళం_అమ్మ
ఇందులో చదువుకున్నవాళ్ళ మాటలు నాకు సగమే అర్థమైనాయి కానీ ఆ పాప తల్లి భయం మాత్రం బాగా అర్థమైంది. పెళ్ళి కావాల్సిన పిల్ల, రేడియేషన్ అంటున్నారు. దాని గురించి ఒక్కరూ మాట్లాడరేం?

ఏర్పేడు_హాస్టల్
@మంగళం_అమ్మ సారీ అమ్మా, అసలు ముందు చెప్పాల్సింది అదే. అక్కడ వెలుగు పుట్టేది యురేనియంలాంటి పదార్థం నుంచి కాదు. రియాక్టర్ కాదది. ఎలక్ట్రాన్లు ఆగితే వెలుగు ఆగిపోతుంది, బల్బు ఆర్పినట్టే. మనం కూర్చునేది బయట కంప్యూటర్ ముందు. శాంపిల్ ఉండే గదికి సీసం గోడలు. లోపల మనిషి లేరని వెతికి, బటన్లు నొక్కి, తలుపు వేస్తేనే ఎక్స్‌రే లోపలికి వస్తుంది. ఎక్స్‌రే ఉన్నంతసేపు తలుపు తెరుచుకోదు. మనకి ఎంత తగిలిందో కొలిచే బ్యాడ్జి కూడా ఇస్తారు. మా జూనియర్లు ఇద్దరు ఆడపిల్లలు పోయొచ్చినారు. పాప తల్లి మాట్లాడతానంటే వాళ్ళ చేత ఫోన్ చేయిస్తా.

మంగళం_అమ్మ
చేయించు బాబూ. మగపిల్లలు వంద చెప్పినా ఆడపిల్ల ఒక్క మాట చెప్తే తల్లికి నిమ్మళం.

చెనిక్కాయ_చేను
@మంగళం_అమ్మ మీ పోస్టు అమ్మకి చదివి వినిపించినా. "ఆమె ఎవరో కానీ నా మనసులో మాట అడిగింది" అంది. ఫోన్ చేయించమంది.

భాకరాపేట_ఘాట్
డబ్బు సంగతి ఎవరూ చెప్పలా. విద్యాసంస్థల వాళ్ళకి అక్కడ బీమ్‌టైమ్‌కి (బీమ్‌లైన్ వాడుకునే సమయానికి) రుసుము లేదు. ప్రపోజల్ ఆన్‌లైన్‌లో పెడతారు, నిపుణులు చూసి షిఫ్టులు ఇస్తారు. యూజీసీ-డీఏఈ కన్సార్టియం అని ఇండోర్‌లోనే ఉంది, అది యూనివర్సిటీ వాళ్ళ కోసమే పుట్టిన సంస్థ. వాళ్ళ దగ్గర ప్రాజెక్టు రాస్తే ప్రయాణ ఖర్చు కూడా అందులో పెట్టుకోవచ్చు. ఆఫీసు టేబుల్ మీద ఫైలు కోసం ఇంకో ఐదు నెలలు కాచుకోవద్దు. రైలంటే తిరుపతిలో కేరళ ఎక్స్‌ప్రెస్ ఎక్కి భోపాల్‌లో దిగు. అక్కణ్ణుంచి ఇండోర్‌కి బస్సు, రైలు రెండూ ఉంటాయి.

ఏర్పేడు_హాస్టల్
శాంపిళ్ళ గురించి నా అనుభవం చెప్తా, ఇది చదవకుండా పోవద్దు. మొదటిసారి చెరువు అడుగు బురద తీసుకుపోయినా. ఫెర్రస్ ఎంతుందో చూడాలని. ఇక్కడే ఎండబెట్టి, పొడి చేసి, మామూలు జిప్ కవర్లో వేసుకుని మే నెలలో బయల్దేరినా. అక్కడ పెట్టి చూస్తే మొత్తం ఫెర్రిక్. బురద తప్పు కాదు, దారిలో గాలి తిన్నది. నాలుగు నెలల ఎదురుచూపు ఒక రాత్రిలో పోయింది. ఆ రాత్రి బీమ్‌లైన్ సైంటిస్టు పక్కన కూర్చుని ఓపికగా చెప్పినాడు కాబట్టి రెండోసారి సరిగ్గా చేసినా.

తడి మట్టిని నైట్రోజన్ నింపిన డబ్బాలో మూసి, ఐస్‌లో పెట్టి తీసుకుపో. పొడి శాంపిల్‌ని బోరాన్ నైట్రైడ్‌తోనో సెల్యులోజ్‌తోనో బాగా నూరి బిళ్ళలు చెయ్యి. నూరడంలో బద్ధకం వద్దు, గింజలు గింజలుగా ఉంటే సిగ్నల్ చెడిపోతుంది. హెఫెస్టస్ సాఫ్ట్‌వేర్‌లో ఎంత పొడి వేయాలో లెక్క కట్టుకో, ఉచితమే. ముఖ్యంగా గోయిథైట్, హెమటైట్, ఫెర్రిహైడ్రైట్, అన్నభేది లాంటి తెలిసిన పదార్థాలు కూడా కొలువు. అవి లేకపోతే నీ మట్టిలో ఏముందో దేనితో పోల్చుకుంటావు?

జీవకోన_కుర్రోడు
దీనికి ఒకటి కలుపుతా. ఒకే చోట ఎక్స్‌రే ఎక్కువసేపు పడితే ఆ ఎక్స్‌రేనే ఇనుము రూపం మార్చేయొచ్చు. మొదటి స్కాన్, మూడో స్కాన్ పోల్చి చూడు, తేడా ఉంటే బిళ్ళని కొంచెం పక్కకి జరుపు.

చెనిక్కాయ_చేను
మా సార్‌కి ఈ థ్రెడ్‌లో ఎక్స్‌ఆర్‌డీ, ఫెర్రిహైడ్రైట్ మాటలు చూపించినా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత పాత గ్రాఫులు తెప్పించుకుని ఆ దిబ్బల దగ్గర పెన్సిల్‌తో గీతలు పెట్టినారు. "ప్రపోజల్ రాయి, నేనూ వస్తా" అన్నారు. కన్సార్టియం ప్రాజెక్టు కూడా రాస్తున్నాం. పలమనేరు నాయనా, ఆదివారం మీ చేనికి వస్తా, గెనిమకి ఇటు అటు మట్టి తీసుకుంటా.

పలమనేరు_రైతు
రా పాపా. పొద్దున్నే రా, ఎండెక్కితే నేల గట్టి. మీ సారుని కూడా పిలుచుకురా, సంగటి తిని పోదురు.

కాళహస్తి_కలం
చెల్లీ, నా కసిమి నీళ్ళు ఒక సీసా ఇస్తే అక్కడ చూస్తావా? మా నలుపు కొన్ని బట్టల మీద ఏళ్ళు గడిచేకొద్దీ బట్టనే తినేస్తుంది, గీత ఉన్న చోట చిరుగుతుంది. ఎందుకో తెలిస్తే మేము కుండలోనే మార్చుకుంటాం.

పుత్తూరు_పెద్దాయన
@చెనిక్కాయ_చేను ప్రపోజల్‌లో రాయని శాంపిల్ అక్కడ పెట్టనియ్యరు తల్లీ, భద్రత కోసం. ఇంకా పంపలేదు కదా, ఇప్పుడే రాసుకో. ద్రవం అయితే సీసా కారితే కష్టం, బట్ట ముక్కలైతే తేలిక.

చెనిక్కాయ_చేను
@పుత్తూరు_పెద్దాయన సరే సార్, ఈ రాత్రే కలుపుతా. అక్కా, నాకు వేలి గోరంత ముక్కలు చాలు. కరక్కాయ పట్టించి ఇంకా గీయనిది ఒకటి, ఇప్పుడే గీసింది ఒకటి, ఒక రోజు ఆరింది, ఉతికింది, బాగా పాతది. మొత్తం ఐదు. పాతది ఎన్నేళ్ళదో తెలిస్తే మంచిది.

కాళహస్తి_కలం
మా జేజి వేసిన చీర అంచు ఉంది, నేను పుట్టకముందుది. చిరిగిన చోట పోగులు తీసి కాగితంలో మడిచి ఇస్తా. ఆదివారం పలమనేరు నుంచి వచ్చేటప్పుడు కాళహస్తికి రాలేవులే, సోమవారం నేనే తిరుపతికి వస్తా. మీ ల్యాబ్ ఎక్కడో చెప్పు.